బాయి కూత పడని రోజు

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా మనవరాలు టీవీలో ఒక సినిమా పెట్టింది. పేరున్న నటుడి మీద హత్య కేసు పడటం, ఒక గొప్ప వకీలు ఆయన తరఫున వాదించటం, చివరికి నటుడు నిర్దోషిగా బయటపడటం కథ. ఎక్కడో నిజంగా జరిగిన కేసునే కాస్త మార్చి తీశారట. వకీలు నాలుగు ప్రశ్నలడిగి ఒక ముసలి సాక్షిని అబద్ధాలకోరుగా తేల్చేసిన ఘట్టం రాగానే పిల్ల చప్పట్లు కొట్టి, "అమ్మమ్మా, నువ్వు గూడ గిట్లనే అడిగేదానివా?" అన్నది. ఆ సాక్షి తలవంచుకొని బోను దిగి వెళ్లిపోయింది, ఆ తర్వాత సినిమాలో మళ్లీ కనిపించలేదు. నేను మోకాళ్ల నొప్పి సంగతి కూడా మరచి లేచి, వసారాలో అటూ ఇటూ తిరగటం మొదలుపెట్టాను. కూర్చోబుద్ధి కాలేదు. ఈ నాలుగు రోజులుగా కూర్చోబుద్ధి కావటం లేదు.

నేను వాదించిన కేసులోనూ పేరున్న మనిషే, ఒక గాయకుడు. గోదావరిఖనిలో మా ఈడు వాళ్లకు ఆయన గుర్తుండే ఉంటాడు. కార్మికుల కాలనీల్లో ఏ పండుగ వచ్చినా ఆయన పాట లేకుండా జరిగేది కాదు. ఆయన గొంతెత్తితే డ్యూటీకి పోవలసిన వాళ్లు కూడా చెంబూ తట్టా పట్టుకొని అక్కడే నిలబడిపోయేవారు. మా నాన్న బొగ్గు బాయిలో తట్ట మోసిన మనిషి, పాటలంటే పెద్దగా పట్టని మనిషి, ఆయన కూడా ఆ గాయకుడు వచ్చాడంటే కండువా భుజాన వేసుకొని బయలుదేరేవాడు. అటువంటి గాయకుడి మీద, పదేళ్లు తన పక్కన డోలక్ వాయించిన మనిషిని చంపాడన్న కేసు పడింది. డోలక్ మనిషి ఇంకో బృందంలోకి వెళ్లిపోతానన్నాడనీ, రిహార్సలు గదిలో మాటా మాటా పెరిగిందనీ పోలీసులన్నారు. తలకు దెబ్బ తగిలి ఆయన ఆ గదిలోనే పోయాడు.

అప్పటికి నేను నల్లకోటు వేసుకొని రెండేళ్లు కాలేదు. మా కాలనీలో వకీలు చదివిన మొదటి ఆడపిల్లను. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఒక పెద్ద వకీలు దగ్గర జూనియర్‌గా చేరాను. గాయకుడి కేసు ఆయన దగ్గరకే వచ్చింది. కళ్లతో చూసిన సాక్షి ఒక్కతే ఉంది, రిహార్సలు గదికి ఎదురుగా రోడ్డు పక్కన ఉడికించిన శనగ గుడాలు అమ్ముకునే ముసలవ్వ. ఆమె భర్త బాయిలో పైకప్పు కూలి చనిపోయాడు. రెండో షిఫ్టుకు బాయి సైరను కూత పడుతుండగానే గాయకుడు గదిలోంచి బయటికి వచ్చాడనీ, అంగీ మీద నెత్తురు చూశాననీ ఆమె పోలీసులకు చెప్పింది. ఆ సమయానికి తాను బజారులో ఉన్నానని గాయకుడు అన్నాడు.

ఒకనాటి సాయంత్రం చాయ్ తాగుతూ ఆ కేసు సంగతులు ఇంట్లో చెబుతుంటే, మా నాన్న ఊరికే, ఏదో గుర్తుకొచ్చినట్టు, ఆ వారంలో బాయి సైరను మోటారు కాలిపోయి మూడు రోజులు కూతే పడలేదన్నాడు. నేను కప్పు కింద పెట్టి తేదీలు అడిగాను. తెల్లవారి మా సీనియరుకు చెబితే ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "ఇదొక్కటీ చాలమ్మా మనకి. క్రాస్ ఎగ్జామినేషన్ నువ్వే చెయ్యి. నీ యాసలో అడిగితే ఆవిడ బెదరదు" అన్నారు. నాకు గర్వమే కలిగింది. ఆ మాట ఇప్పుడు దాచి లాభం లేదు. బాయి నుంచి మరమ్మతుల రిజిస్టరు తెప్పించి, ఆ మూడు తేదీలూ చూసుకొని, రెండు రోజులు అద్దం ముందు నిలబడి ప్రశ్నలు వల్లె వేశాను.

విచారణ రోజున జిల్లా కోర్టు ఆవరణ నిండా మా ఊరి జనమే. ముసలవ్వ బోనెక్కి, నల్లకోట్లన్నీ చూసి బెదిరిపోయి, నన్ను గుర్తుపట్టి కాస్త తేరుకుంది. చిన్నప్పుడు బడికి పోతూ ఆమె దగ్గర గుడాలు కొనుక్కున్నదాన్నే కదా.

"అవ్వా, కూత నీ చెవులతోనే విన్నవా?"

"విన్న బిడ్డా. గా కూత వినంగనే గంప ఎత్తుకుంట."

"గా దినం గూడ విన్నవా? పక్కానా?"

"పక్కా. అబద్ధం నాకెందుకు?"

అప్పుడు రిజిస్టరు తీసి జడ్జిగారికి అందించాను. ఆ రోజున కూత పడనే లేదని ఆయన చదివి వినిపించేసరికి వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు, తర్వాత చాలామంది నవ్వారు. ముసలవ్వ నా వైపే చూస్తూ, "గట్లెట్లయితది బిడ్డా? నేను విన్న గద" అన్నది. నేను కాగితాలు సర్దుకున్నాను. మూడో బెంచీలో డోలక్ మనిషి భార్య చంటిపిల్లతో కూర్చుని ఉంది. ఆమె నవ్వలేదు.

గాయకుడు విడుదలయ్యాడు. లారీ మీద ఊరేగింపు తీశారు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. మా నాన్న మాత్రం ఆ పూట అన్నం ముందు కూర్చుని, పళ్లెం పక్కకు జరిపి, "నేను గందుకేనా నీకు చెప్పింది?" అన్నాడు. ఆ తర్వాత మా నాన్న ఆ గాయకుడి పాటలకు పోలేదు.

వారం గడిచాక ఉండబట్టలేక ముసలవ్వ దగ్గరకు వెళ్లాను. ఆమె చుట్టూ ఉండే గిరాకీ పలచబడింది, అబద్ధపు సాక్ష్యం చెప్పిందని జనం ఎదుటి బండి దగ్గరకు పోతున్నారు. నన్ను చూసి కోపగించుకోలేదు, కాగితంలో గుడాలు కట్టి చేతిలో పెట్టింది. రెండో షిఫ్టుకు పోయే ఆమె భర్తకు సద్ది కట్టి ఇచ్చేది ఆ కూత వేళకేనట. ఆయన పోయిన నాటి నుంచి ఆ వేళకు ఆమెకు కూత వినపడకుండా ఒక్కరోజూ గడవలేదట.

"అది మోగినా మోగకున్నా నాకు ఇనవడుతది బిడ్డా. గది నా తప్పే. నెత్తురు మాత్రం నా కండ్లతోని చూసిన" అన్నది.

అక్కడి నుంచి నేరుగా మా సీనియరు దగ్గరకు వెళ్లాను. అనుమానం ఉన్నచోట చూపించటమే మన పని, దేవుడి లెక్క మనది కాదన్నారాయన, చాలా దయగానే అన్నారు. అది నిజమే కూడా. అంగీ మీదది పాన్ మరక కాదని నేను చెప్పగలనా? చంపాడో లేదో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. అయినా ఆ ఏడాదే హత్య కేసులు మానుకొని, బాయి ప్రమాదాల్లో భర్తలను పోగొట్టుకున్న ఆడవాళ్ల కేసులు పట్టాను. ఎందుకు మారానని అడిగినవాళ్లకు ఇంటికి దగ్గరని చెప్పేదాన్ని.

చాలా ఏళ్లకు రామగిరి దగ్గర ఒక పెళ్లిలో పాడటానికి ఆ గాయకుడు వచ్చాడు. జుట్టు నెరిసినా గొంతు అలాగే ఉంది. జనంలో నన్ను చూసి, పాట ఆపి, మైకులోనే దండం పెట్టి, "గీ చెల్లె మాటతోనే నేను బతికిన" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. అడగాలనుకున్న ఒకే ఒక్క మాట అడుగుదామని ఒకడుగు ముందుకు వేశాను. ఆయన మళ్లీ పాట ఎత్తుకున్నాడు, నేను భోజనం చేయకుండానే బస్సెక్కాను. తర్వాత రెండేళ్లకు ఆయన పోయాడు. అంతకు ముందే ముసలవ్వ పోయింది.

ఇప్పుడు ఆ బాయి మూతపడింది. గుడాల గంప పెట్టిన చోటు ఓపెన్‌కాస్టు గని మట్టికుప్పల కింద ఎక్కడుందో నేనే చూపించలేను. ఆ రోజుల్లో ఒక కేసు వినటానికి ఊరు ఊరంతా బస్సులు పట్టుకొని వచ్చేది, ఏడాది పాటు అరుగుల మీద వాదించుకునేది, తప్పయినా ఒప్పయినా మనుషుల ముఖాలు చూసి మాట్లాడేది. ఇప్పుడు పిల్లలు రెండు గంటల్లో తీర్పు చెప్పేసి ఇంకో సినిమా పెట్టుకుంటున్నారు. వాళ్లను అని లాభం లేదు. నన్నెవరైనా ఆ కేసు గురించి అడిగితే ఎలా చెప్పాలా అని ఇన్నేళ్లుగా మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. అడగగలిగినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. డోలక్ మనిషి భార్య ఒక్కతే మిగిలింది. కూరగాయల బజారులో ఎదురైతే, "మోకాళ్లు ఎట్లున్నయక్కా?" అని పలకరించి, నేను నోరు తెరిచేలోగా సంచి సర్దుకొని వెళ్లిపోతుంది.