కుండకు దండేసిన మా నౌపడ జట్టు

ఈసారి సాలూరు నుంచి నౌపడ బయల్దేరడానికి కారణం ఫోనులో వచ్చిన ఒక ఫొటో. మట్టికుండకు బంతిపూల దండ, దాని ముందు కొట్టిన కొబ్బరికాయ, పక్కన కళ్లు మూసుకుని మా జగన్నాథం. కుర్రతనంలో ఇంట్లో దేవుడి పటాలన్నీ అటకెక్కించి తన్నులు తిన్న మనిషి, కుండకు దండం పెడుతున్నాడు! నవ్వాలో తిట్టాలో తెలియక రెండూ చేసి, ఈ ఏడు వెళ్లి చూడాల్సిందే అనుకున్నాను.

కుండ సంగతి మీకు చెప్పాలి. మావాళ్లు చదువుకునే రోజుల్లో (నేను ఇంటర్ తప్పే రోజుల్లో) మేమంతా ఏడాదికొకసారి నౌపడ ఉప్పు మళ్ళ దగ్గర కలిసి వండుకుని తినేవాళ్లం. ఎవరింటి నుంచి వాళ్లు పిడికెడు బియ్యం తెచ్చి ఒకే కుండలో పోయాలి. రైతు ఇంటి ముతక బియ్యం, గుడి అర్చన చేసుకునే ఇంటి సన్నబియ్యం, ఉప్పు కూలీల ఇంటి రేషన్ బియ్యం అన్నీ కలిసి ఉడికేవి. ఒకటి మెత్తబడేసరికి ఇంకోటి పలుకుగా ఉండేది. ఏ కులం ఇంటి మెతుకు ఎవరి విస్తట్లో పడిందో తెలియకూడదు, వచ్చిన వరసలోనే కూర్చోవాలి, అదీ మా పంతం. జగన్నాథం అర్చకుల ఇంటివాడు. ఆ అన్నం తిన్నాడని వాళ్ల నాన్న చాలా రోజులు లోపలికి రానివ్వక అరుగు మీదే పడుకోబెట్టాడు. అయినా మరుసటి ఏడు అందరికంటే ముందొచ్చి కూర్చున్నాడు. అలాంటివాడు. ఇప్పుడు రెండు కాలేజీల యజమాని, ఏటేటా ఆ కుండ భోజనం జరిపించేదీ వాడే.

సాలూరులో తెల్లవారుజామున మొదటి బస్సు ఎక్కితే ఏడింటిలోపు విజయనగరంలో ఉంటారు, టికెట్టు వంద దాటదు. అక్కడినుంచి గుణుపూరు వెళ్లే ప్యాసింజరు పట్టుకోండి. నౌపడకు ఒక టిఫిను ఖర్చు కూడా అవదు. చీపురుపల్లి దాటాక కుడివైపు కిటికీలో ఎండ మొహం మీద కొడుతుంది, ఎడమవైపు కూర్చోండి. ఆమదాలవలసలో జనం ఎక్కారు. వాళ్లలో ఒకావిడ చీర కొంగున ఏదో మూట కట్టుకుని నా ఎదురుగా కూర్చుని, నన్ను ఎగాదిగా చూసింది.

"ఏటిరా సన్నాసీ, బతికే ఉన్నావా?"

పారమ్మ! ఉప్పు మళ్ళలో పెరిగిన పిల్ల, మా జట్టులో పాట ఎత్తుకునేది ఆమె, ఆ కుండ వాళ్లింటిదే. మొగుడు పోయాక ఆమదాలవలసలో కూతురి దగ్గర ఉంటోందట.

"నీకు సెప్పకుండా పోతానేటప్పా? కొంగునేటి, బంగారమా?"

"బియ్యంరా. ఒక మాట సెప్పు. రెండేళ్లుగా మన కుండ బియ్యం ఆళ్లు తినడం లేదంట. పోటోలు తీసేసుకుని, ఎనకాల వేరేగా వొండించి మా ఉప్పు మళ్ళోళ్లకే పెడతన్నారంట. నిజవేనా?"

"నాను కూడా శానా ఏళ్లకి వస్తన్నానప్పా. జగ్గుగాడు అలగ సేస్తాడేటి?"

"సెయ్యడనే అందరితోనూ దెబ్బలాడతన్నాను. ఈ ఏడు మా ఇంటి బియ్యం ఆళ్లు తినాల, నా కళ్లతో సూడాల. ఇంకేటీ అక్కర్లేదు."

నౌపడ స్టేషను బయట ఉప్పు మళ్ళ వైపు షేర్ ఆటోలు దొరుకుతాయి, మనిషికి ఇరవై. దారికి రెండు పక్కలా మళ్ళలో నీళ్లు అద్దాల్లా మెరుస్తుంటాయి, గట్ల మీద తెల్లటి ఉప్పు కుప్పలు. ఆటో అబ్బాయి వెనక్కి తిరిగి, "మీరూ సార్లోళ్ల బోజనానికేనా? పొద్దున్నించి కార్లే కార్లు" అన్నాడు. "మేం సార్లం కాదు బాబూ, కుండ వొండినోళ్లం" అన్నాను. వాడికి అర్థం కాలేదు, నవ్వాడు.

షామియానా, మైకు, భోజనాల బల్లలు, తెల్ల గుడ్డలు కప్పిన కుర్చీలు. ముందువరసకు ముఖ్య అతిథుల కాగితాలు కూడా అంటించారు. వేదిక మీద మా కుండ, దండతో. ఒక్కొక్కరూ పిడికెడు బియ్యం పోయడం, ఫొటో తీయించుకోవడం. పారమ్మ కొంగు విప్పి పోస్తుంటే జగన్నాథం మైకులో, "ఈ తల్లే మా స్ఫూర్తి" అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆవిడ దిగి వరసలో కుర్చీ లాక్కోబోయింది. జగన్నాథం దగ్గరకొచ్చి, చాలా మెత్తగా, "పారమ్మా, మీవాళ్లంతా వెనకున్నారు. అక్కడైతే నీకు ఫ్రీగా ఉంటుంది" అన్నాడు.

పారమ్మ నావైపు చూసింది. రైల్లో అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది. వెనక్కి నడిచింది.

నా ఒంటికి కారం రాసినట్టయింది. ఉపన్యాసాలన్నీ అయ్యేసరికి నేను కూడా వెనక్కి వెళ్లాను. అక్కడ రెండు గుండిగల్లో అన్నం దిగి ఉంది. ఒకదాంట్లో మల్లెపూల్లాంటి సన్నన్నం, అది షామియానాలోకి. రెండోదాంట్లో ఫొటోలయ్యాక వేదిక మీంచి తెచ్చి వండిన కుండ బియ్యపు అన్నం, సగం మెత్తగా సగం పలుకుగా, అది పాకలో కూర్చున్న ఉప్పు కూలీలకు. వంటాయన గౌరునాయుడు సన్నన్నంలో కలపడానికి పులిహోర పోపు వేస్తున్నాడు.

"మావా, ఆ పోపు ఈ కుండ బియ్యం గుండిగలో కలుపు" అన్నాను.

"అది షామియానాలోళ్లది కాదు బావూ. నాకు సివాట్లు పడతాయి."

"పసుపు పడ్డాక ఏ బియ్యమైనా ఒకటే రంగు కాదేటి? అడిగితే సన్నాసి సేసినాడని సెప్పు."

గౌరునాయుడు నన్నూ, పాకలో ఉన్నవాళ్లనూ ఒకసారి చూసి, పోపు ఎత్తి ఆ గుండిగలో గుమ్మరించాడు. సన్నన్నం పాకలోకి వెళ్లింది. కుండ బియ్యపు పులిహోర బకెట్లు షామియానాలోకి వెళ్లాయి. నేను గుడ్డ చాటునుంచి చూశాను. జగన్నాథం రెండోసారి వేయించుకున్నాడు. "పాత రోజుల రుచి!" అన్నాడు కూడా. నాకు పొట్ట చెక్కలైంది. పరుగున వెళ్లి పారమ్మకు చెప్పాను, "నీ బియ్యం తినేస్తన్నారప్పా!"

ఆవిడ నవ్వలేదు.

"ఆళ్లకి తెలుసేటి?"

"తెలీదు. అదే కదా తమాసా!"

"తెలవకుండా తింటే ఏటిరా లాభం? ఆ రోజు తెలిసి తిన్నారు. అందుకే తన్నులు తిన్నారు. నువ్వు దొంగసాటుగా పెట్టడానికి నా బియ్యం ఇసమేటి?"

పారమ్మ ఒక పళ్లెంలో గుండిగ అడుగున మిగిలిన పులిహోర వడ్డించుకుంది. తిన్నగా షామియానాలోకి నడిచి, జగన్నాథం పక్క కుర్చీకి అంటించిన కాగితం పీకి, కూర్చుంది.

"జగ్గు బావూ, నువ్వు తింటన్నది మన కుండ బియ్యమే. మా ఇంటిదీ ఉన్నాది. ఇప్పుడు తెలిసింది కదా, తిను."

జగన్నాథం చెయ్యి విస్తరి మీద ఆగింది. నావైపు చూసి, "ఒరే సన్నాసీ, నీ వెధవ వేషాలు మానవా" అన్నాడు. తర్వాత పారమ్మతో, "అలా కాదు పారమ్మా, నాకు షుగరు, రేషన్ బియ్యం పడదు..."

"సుగరు నీకు నిన్నా మొన్నా వొచ్చింది బావూ. మేం ముందునించీ ఉన్నాం."

జగన్నాథం లేచాడు. కుళాయి దగ్గరికి వెళ్లి నోరు పుక్కిలించాడు, ఒకసారి కాదు. ఆయన వెనకే ముందువరసలో చాలామంది లేచారు. రిటైరైన పోస్ట్‌మాస్టరు ఒకాయన మాత్రం, "ఇంకాస్త వెయ్యవే పారమ్మా" అని విస్తరి ముందుకు జరిపాడు. ఆవిడ తన పళ్లెంలోంచి తీసి వేసింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, ఖాళీ కుర్చీల మధ్య, మెతుకు మిగల్చకుండా తిన్నారు.

తిరుగు ప్రయాణంలో నా కోపం చల్లారలేదు, ఇది రాస్తున్నప్పుడూ చల్లారలేదు. మనుషులకు వయసొస్తుంది, అప్పులొస్తాయి, భయాలొస్తాయి. అరుస్తూ తిరిగిన కుర్రాళ్లు మెత్తబడితే నేనేం అనను, నా గొంతూ తగ్గింది. కాలేజీలు పెట్టుకున్నారా, పెట్టుకోండి. మాకిక ఓపిక లేదు అని ఒక్క మాట అనుంటే పారమ్మ తన కుండ తను ఇంటికి పట్టుకుపోయేది. వీళ్లు మానలేదు. కుండను పటం చేసి, అందులో అన్నాన్ని పెరట్లోకి తోసి, ఆ కుండలోనే మా యవ్వనం ఉందని మైకులో చెప్పుకున్నారు. ఆ రోజు అరుగు మీద చలికి ముడుచుకుని పడుకున్న కుర్రాడు ఇప్పటి జగన్నాథాన్ని చూస్తే ఏ మాట తిట్టేవాడో నాకు తెలుసు, ఇక్కడ రాస్తే ఇంట్లో వాళ్లు చదువుతారు.

వెళ్లేవాళ్లకు ఒక మాట. ఉప్పు మళ్ళు చూడాలంటే పది లోపే వెళ్లండి, తర్వాత తెల్లటి ఉప్పు మీద ఎండకు కళ్లు తెరవలేరు. వచ్చేటప్పుడు రైలు కోసం కూర్చోకండి, ఆటోలో టెక్కలి వచ్చేస్తే విజయనగరం వైపు బస్సులు సాయంత్రం వరకూ ఉంటాయి. అక్కడ ఎవరైనా భోజనానికి పిలిస్తే విస్తరి ముందు కూర్చోకముందు ఒకసారి వెనక వంట దగ్గరికి వెళ్లి, ఎన్ని గుండిగలు దిగాయో చూసి రండి.