బత్తాయి తొక్కలు, గాలి మిషను

పాల్వంచలో కాపురం పెట్టినప్పటి నుంచి నాకు కరెంటు ప్లాంటు బూడిదతోనే పోరు. పొద్దున తుడిచిన గచ్చు మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. అందుకని కిటికీలన్నీ మూసి, సందులకు టేపు అంటించేశాను. పెనుబల్లిలో మా పుట్టింటివాళ్లు బత్తాయి తొక్కలు మరిగించి, ఆ నీళ్లతో ఇల్లు తుడుస్తారు. నేనూ అంతే. ఇల్లంతా ఘుమఘుమలాడాలి, లేకపోతే నాకు తుడిచినట్టే ఉండదు.

మా ఆయనది ప్లాంటులో బొగ్గు దగ్గర పని. ఛాతీలో కాస్త పిల్లికూతలు మొదలయ్యేసరికి ఎవరో చెప్పారని ఖమ్మం వెళ్లి, గాలిని శుభ్రం చేసే మిషనొకటి కొనుక్కొచ్చాడు. ఓజోన్ వదులుతుందట. ఆన్ చేస్తే జిరాక్స్ షాపులో వచ్చే వాసన. మంచి గాలంటే ఇదేనని పడకగదిలో పెట్టాడు. నా తొక్కల నీళ్లుండగా ఈ డబ్బా ఎందుకని నేను మూతి ముడుచుకున్నాను.

కొన్నాళ్లకు ఆయాసం తగ్గకపోగా ఎక్కువైంది. ఆయన దగ్గితే బూడిద వల్లేనని నేను మళ్లీ తుడిచేదాన్ని. నేను తుడిస్తే ఆయన మిషను పెంచేవాడు. ఇద్దరం పంతానికి పోయాం. విచిత్రం ఏమిటంటే, షిఫ్టంతా బొగ్గు దుమ్ములో నిలబడ్డా ఆయనకేమీ అయ్యేది కాదు. ఇంటికొచ్చి కూర్చుంటేనే గొంతు పట్టేసేది.

"ఇంట్లకొస్తెనే నాకు ఊపిరాడ్తలేదే" అన్నాడొకసారి, చెప్పులు విప్పుతూ.

మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం నన్నే అన్నట్టు తగిలింది. ఆ తర్వాత షిఫ్టు అయిపోయినా తొందరగా ఇల్లు చేరడం మానేశాడు. బస్టాండు దగ్గర హోటల్లో కూర్చునేవాడు, అడిగితే ఓవర్‌టైం ఉందనేవాడు. ఇన్నేళ్ల కాపురంలో ఇంటికి రాకుండా ఉండటానికి సాకులు వెతకడం అదే మొదలు. ఈ మనిషికి నేనే పడటం లేదేమోనని భయం పట్టుకుంది.

చివరికి నేనే దవాఖానాకు లాక్కుపోయాను. డాక్టరమ్మ ఛాతీ పరీక్షించి, "ప్లాంటుల మంచిగుండి ఇంట్ల తన్లాడుతుండంటే, ఇంట్ల ఏం పెట్టిండ్రు?" అని అడిగింది. నేను మిషను సంగతి, ఆయన తొక్కల సంగతి, ఒకరి మీద ఒకరం ఫిర్యాదు చేసినట్టే చెప్పాం.

"ఓజోన్ పైన ఆకాశంల ఉంటె మంచిదమ్మా. ఇంట్ల ఊపిరికి మంటబెడ్తది. బత్తాయి వాసనతోని కలిస్తె కంటికి కనబడని సన్న దుమ్ము తయారైతది, కండ్లు మండే గ్యాసు తయారైతది. పరదాలకు, దిండుకంటిన తలనూనెకు తగిలినా గంతే, ఏదో ఒకటి పుట్టిస్తది. మీరు కిటికీలు గూడ మూస్తిరి. ముందు మిషను బంద్ చేసి తలుపులు తెరువుండ్రి."

"తప్పు నా తొక్కలదా, ఆయన డబ్బాదా?" అన్నాను. అక్కడ కూడా ఊరుకోలేదు నేను.

"డబ్బాదే. మీ తొక్కలు దానికి కట్టెలు అందించినయ్."

బయటికి రాగానే నాకు ఏడుపొచ్చింది. ఆయన కంగారుపడి, "ఏందే, మందులిచ్చింది గద" అన్నాడు.

"నేనంటేనే పడక ఇంటికి రావట్లేదనుకున్నా."

ఆయన నడక ఆపేశాడు. "నేను దగ్గినప్పుడల్లా నువ్వు బట్ట తీసుకొని కిందకూసుంటవ్. మోకాళ్లు పట్టుకొని లేస్తవ్. చూడలేకనే గా హోటల్ల కూసున్న."

ఆ రోజే టేపంతా పీకేశాను. మిషను అటకెక్కింది. మందులు వాడుతూ ఉండగా ఆయాసం మెల్లగా సర్దుకుంది.

ఒక పొద్దున ఆయన నైట్ షిఫ్టు దిగి నేరుగా ఇంటికే వచ్చాడు. తెరిచిన కిటికీ కింద చాప వేసుకుని పడుకున్నాడు. చూస్తుండగానే గచ్చు మీద బూడిద పరుచుకుంటోంది. ఆయన ఊపిరి మాత్రం ఎక్కడా అడ్డు తగలకుండా సాగుతోంది. బకెట్ చప్పుడుకు లేస్తాడని నేను అక్కడే, ఆ బూడిదలోనే కూర్చుండిపోయాను.