మొగ దగ్గర రెండు తాడిచెట్లు

మా మనవరాలు భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతోంది. గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట, అంటే మొగ దగ్గర, ఒక దీవి ఉందని, స్నేహితురాళ్ళతో వెళ్ళి ఒక రాత్రి ఉండి వస్తానని అడిగింది. వెదురు కుటీరాలు, ప్లాస్టిక్ నిషేధం, మత్స్యకార మహిళల చేతి వంట, ఆదాయంలో ఊరికి వాటా. అన్నీ ఫోనులో చూపించింది. చూడని చోటికి ఆడపిల్లల్ని పంపడం నాకు అలవాటు లేదు. వాళ్ళు వెళ్ళే నరసాపురం దారిలోనే ముందు నేను వెళ్ళి వస్తానన్నాను. దీవి పేరు మాత్రం రాయను. నా రాత వల్ల అక్కడి వాళ్ళ కూడు చెడకూడదు.

జనవరిలో ఒక శుక్రవారం రాజమండ్రిలో ఐదింటి బస్సు ఎక్కితే ఎనిమిదింటికి నరసాపురంలో దింపాడు. టిక్కెట్టు నూట నలభై. ఇడ్లీ, కాఫీ కలిపి యాభై ఐదు, రేవు దాకా ఆటో ముప్పై, పంటు మీద గోదావరి దాటడానికి పదిహేను. మంచు దట్టంగా పట్టి, పంటు సగం దూరం వెళ్ళేదాకా అవతలి ఒడ్డు కనిపించలేదు. అక్కడి ఆటో అతను మూడు వందలు అడిగాడు.

"రెండు వందల యాభై," అన్నాను.

"తిరుగు బేరం దొరకదండి మామ్మగారు. ఆ కుటీరాలకి వచ్చేవోళ్ళంతా కార్లలోనే దిగిపోతున్నారు."

"నేనే తిరుగు బేరం. సాయంత్రం నాలుగున్నరకి రా. రెండు వైపులకీ ఐదు వందలు."

"లెక్కల టీచరాండి తమరు?"

"ఇంగ్లీషు."

"ఇంగ్లీషు టీచరే ఇలాగుంటే లెక్కల టీచరు నన్నే ఎదురిమ్మనేవోరు," అని నవ్వి బండి తీశాడు. రోడ్డు ఆగిపోయిన చోట చిన్న పడవ, మనిషికి ఇరవై. పదిన్నరకు దీవి మీద ఉన్నాను.

మంచిని మంచిగానే చెప్పాలి. కుటీరాలు శుభ్రంగా ఉన్నాయి. నీళ్ళు రాగి చెంబుల్లో ఇస్తున్నారు, తడి చెత్త గోతిలో వేస్తున్నారు, దీపాలు సోలారువి. పగటి పూటకు గది వెయ్యి, భోజనం మూడు వందలు. మేనేజరు సుబ్బారావు నన్ను ముందు వరుస గదికి తీసుకువెళ్ళి కిటికీ తలుపు తెరిచాడు. "చూడండి మేడం, మంచం మీంచే సముద్రం. రెండు తాడిచెట్లు అడ్డుగా ఉండేవి, నిన్ననే తీయించాం. బదులుగా పది మొక్కలు నాటుతున్నాం," అన్నాడు. ఇసుకలో రెండు మొదళ్ళు పచ్చిగా కనిపించాయి. పక్కనే సంచుల్లో జానెడు మొక్కలు వరసగా పెట్టి ఉన్నాయి.

వంటింట్లో నూకరత్నం అనే ఆమె చేపలు తోముతోంది. నలభై ఏళ్ళుంటాయి. ప్రతి రెండు నిమిషాలకూ చెయ్యి తుడుచుకుని ఫోను చెవిన పెట్టుకోవడం చూసి, ఎవరికమ్మా అని అడిగాను.

"మా ఆయనకండి, ఏడుకొండలు. మొన్న సముద్రం మీదకెళ్ళాడు, ఇయ్యాళ పోటుకి వచ్చేత్తాడు. ఫోను కలవట్లేదండి. చెట్లు కొట్టేసినట్టు ఆడికి తెలీదు."

చెట్లకీ పడవకీ సంబంధం ఏమిటో నాకు బోధపడలేదు. ఆమె చేపను పళ్ళెంలో పెట్టి రెండు వేళ్ళు ఒకదాని వెనక ఒకటి నిలిపింది. "మొగ లోపలికి రావాలంటే రెండు చెట్లూ ఒకే చెట్టులాగ కనబడాలండి. అదే దారి. ఇడిపోయి కనబడితే పడవ ఇసక మేట మీదున్నట్టు. మా మావగారు కూడా అలాగే వచ్చేవోడు."

"ఫోనులో దారి చూపిస్తుంది కదా?"

"కెరటాల్లో రెండు చేతులూ చుక్కానికే చాలవండి, ఫోనెవడు చూత్తాడు?"

"మరి కొడుతుంటే ఊరుకున్నారా?"

"మగోళ్ళంతా సముద్రం మీద ఏటలో ఉన్నారండి. మేం అడ్డం పడితే, మా ఊరి సంఘం పెద్దలు ఒప్పుకున్నారన్నాడు మేనేజరు. ఆళ్ళు ఒప్పుకుంది కుటీరాలకండి, చెట్లకి కాదు."

పదకొండున్నరకు నీరు పెరగసాగింది. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. నూకరత్నం పొయ్యి తగ్గించి బయటికి నడిచింది. ఆమె వెనక మిగతా వంట ఆడవాళ్ళూ వెళ్ళారు. కుటీరాల కోసం పేర్చిన వెదురు బొంగులు రెండు లాగి, చివర ఎర్రచీరలు కట్టి, ఆ మొదళ్ళ దగ్గర నిలబెట్టి పట్టుకున్నారు. ఎంత ఎత్తినా తాడిచెట్టులో మూడో వంతుకు రాలేదు. సుబ్బారావు పరుగున వచ్చి, "భోజనాల వేళండీ, గెస్టులున్నారు!" అన్నాడు.

"గెస్టుల్లో నేనూ ఉన్నాను. నాకు ఆకలి లేదు. వచ్చి ఈ బొంగు పట్టుకోండి," అన్నాను. పట్టుకున్నాడు. కారులో వచ్చిన దంపతులు ఫోటో తీసుకుని, "ఏదైనా జాతరా ఆంటీ?" అని అడిగారు.

ఏడుకొండలు పడవ కనిపించింది. నురగ అవతలే కాసేపు అటూ ఇటూ తిరిగింది. ఆడవాళ్ళు గొంతులు పోయేలా అరిచారు, చీరలు ఊపారు. పడవ ముందుకు వచ్చింది, కానీ చాలా ఎడమకు వచ్చింది. మేట మీద ఆగిపోయింది. తరవాతి కెరటం దాన్ని పక్కకు తిప్పింది, ఆ తరవాతిది బోర్లించింది. పాయలో మనుషుల్ని దాటించే పడవలు వెళ్ళి అందులోని నలుగురినీ తెచ్చాయి. నలుగురూ బతికారు. పడవ రెండుగా విరిగింది. వలలు, ఇంజను సముద్రంలోకి పోయాయి.

ఏడుకొండలు తడి బట్టలతో వచ్చి మొదలు మీద కూర్చుని, దాన్ని చేత్తో తడిమాడు. "చెట్లు కనబడకపోతే నా కళ్ళే పోయాయనుకున్నానే," అన్నాడు భార్యతో.

సుబ్బారావు నా ముఖం చూడలేదు. "గదిలోంచి సముద్రం కనబడట్లేదని వచ్చినోళ్ళందరూ ఫోనుల్లో రాస్తున్నారండి. నేనూ జీతగాణ్ణే," అన్నాడు. నేను అనవలసినది అన్నాను, దానివల్ల చెట్లు లేవలేదు. రెండున్నరకు నూకరత్నం ముఖం కడుక్కుని వచ్చి వడ్డించింది. ఇంటికి వెళ్ళమన్నాను. "రేపట్నించి మాకు ఇదొక్కటే కదండి," అని పులుసు పోసింది. తినకుండా లేస్తే ఆ మాట ఆమె జీతం మీదకు వస్తుందని మొత్తం తిన్నాను.

తిరుగు ప్రయాణంలో పంటు మీద చాలాసేపు ఆలోచించాను. ఫోనులో రాసినవన్నీ నిజమే. ప్లాస్టిక్ లేదు, వంట ఊరి ఆడవాళ్ళదే, వాటా కూడా ఇస్తున్నారట. ఒడ్డును సముద్రం వైపు నుంచి చూసే మనుషులు ఉన్నారన్న సంగతి ఒక్కటే ఎవరికీ తట్టలేదు. మనవరాలిని వెళ్ళవద్దందామనుకున్నాను. ఎవరూ వెళ్ళకపోతే ఆ ఇంట్లో మిగిలిన ఒక్క జీతమూ పోతుంది. వెళ్ళమనే చెప్పాను. చెబుతున్నప్పుడు సంతోషం మాత్రం కలగలేదు.

వెళ్ళదలచిన వాళ్ళకు ఒక్క సూచన. గది వెనక వరుసలో తీసుకోండి, అద్దె రెండు వందలు తక్కువ. సముద్రం గుమ్మం దాటి నాలుగడుగులు వేస్తే ఎలాగూ కనిపిస్తుంది.