పాలు పిండే చీర

మా బర్రెకు నా చదువంటే అస్సలు పడేది కాదు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. నేను పదో తరగతి చదివే రోజుల్లో దాన్ని పిండగలిగిన వాళ్లు ఈ లోకంలో ఇద్దరే, అవ్వ అని నేను పిలిచే మా అమ్మ, నేను. మూడో మనిషి చెయ్యి పొదుగు మీద పడితే చాలు, పాలు వదలకుండా బిగబట్టుకునేది. పైగా తన్నేది. బాపు గల్ఫ్‌లో ఉండేవాడు. అక్కడి నుంచి జీతం ఏ నెల వస్తుందో, ఏ నెల రాదో ఆయనకే తెలియదు. హుజూరాబాద్ దగ్గరి మా ఊళ్లో మా ఇల్లు నడిచింది ఆ మొండిదాని పాల మీదే.

చలి ఇంకా తగ్గని రోజుల్లో అవ్వ కొట్టంలో పేడ మీద కాలు జారి పడింది. కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. పట్టీ వేసిన డాక్టరు ఆ చేతితో ఏ పనీ చేయొద్దన్నాడు. పదో తరగతి వాళ్లకు బడికి ముందొకసారి, బడి అయ్యాక ఒకసారి స్పెషల్ క్లాసులుండేవి. బర్రెను పిండే వేళలూ సరిగ్గా అవే. ముందు స్పెషల్ క్లాసులు మానేశాను. తర్వాత గడ్డి, నీళ్లు, వంట, అవ్వకు జడ వేయడం, అన్నీ మీద పడి బడే మానేశాను.

"ఈ యేడు కాకుంటే పై యేడు రాస్తువుగాని బిడ్డా" అంది అవ్వ.

మా వాడకట్టులో అలా 'పై యేడు' అని ఆగిపోయిన అమ్మాయిలు అప్పటికే ఉన్నారు. వాళ్లలో ఒక్కరూ మళ్లీ బడి గడప తొక్కలేదు. ఆ సంగతి నాకు తెలుసు, అవ్వకూ తెలుసు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చేవి. అవ్వను ఏమీ అనలేక బర్రెను తిట్టేదాన్ని. తిడుతూనే పిండేదాన్ని.

ఒకరోజు మా లెక్కల సారు ఇంటికి వచ్చారు.

"మంచిగ సదివే పిల్లమ్మా. పరీక్షల ముంగట ఇంట్ల కూసుంటే ఎట్ల?"

"మరి బర్రెను మీరొచ్చి పిండుతరా సారూ?" అంది అవ్వ.

పాపం సారు బర్రె వైపు చూశారు. బర్రె కూడా సారు వైపు చూసింది. ఆయన కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నారు. అప్పుడే పక్కింటి గోడ అవతల నుంచి ఒక గొంతు లేచింది.

"ఆడపిల్ల సదువును బర్రె తోకకు కట్టిండ్రా? ఊర్లె పాలు పిండేటోళ్లు సచ్చిపోయిండ్రా?"

ఆ గొంతు పక్కింటి పెద్దమ్మది. పెద్దమ్మకూ అవ్వకూ మాటల్లేవు. ఎప్పుడో పెద్దమ్మ కోళ్లు గోడ దూకి మా పెరట్లో మెంతికూర మొత్తం తినేశాయి. ఆ కోళ్లు ఏనాడో కూరైపోయినా కొట్లాట మాత్రం అలాగే ఉంది.

సాయంత్రానికి పెద్దమ్మ బిందె పట్టుకుని మా కొట్టంలోకి వచ్చేసింది. "పుట్టిన కాడికెల్లి బర్లల్లనే ఉన్న, ఇదెంత" అంటూ కూర్చుంది. బర్రె ఒక్క తన్ను తన్నింది. బిందె ఒకవైపు, పెద్దమ్మ ఒకవైపు. మంచం మీదున్న అవ్వ నవ్వు ఆపుకోలేక అటు తిరిగింది.

పెద్దమ్మ లేచి బట్టలు దులుపుకుని నన్ను కసిరింది. "మీ అవ్వ కొట్టంల కట్టే చీర తేపో."

నేను మర్యాద తెలిసిన పిల్లను కదా! ఉతికి మడత పెట్టిన చీర తెచ్చిచ్చాను. మళ్లీ తన్నింది.

"ఉతికినవా? నీ తెలివికి దండం పెట్టాలె! బర్రె రంగు చూస్తదా? వాసన చూస్తదే!"

దండెం మీద ఉతకని ఆకుపచ్చ చీర ఒకటుంది. పేడ, పాలు, అవ్వ చెమట, అన్నీ కలిసిన వాసన. పెద్దమ్మ ముఖం చిట్లించుకుంటూనే దాన్ని తన చీర మీద చుట్టుకుని కూర్చుంది. బర్రె తల తిప్పి వాసన చూసింది. కాసేపటికి బిందెలో పాలధార చప్పుడు మొదలైంది. నేను అక్కడే నిలబడి ఏడ్చేశాను.

"ఏడుస్తవేందే? రేపటి సంది బడికి పో" అంది పెద్దమ్మ.

ఆ మర్నాడు ఆమె వాడకట్టులో నిలబడి గట్టిగా అరిచింది. "పిల్ల పరీక్షలయ్యేదాక గీ ఇంటి పని అందరిది!" మీటింగూ లేదు, తీర్మానమూ లేదు. ఒకామె తన గడ్డి మోపుతో పాటు మాకూ ఒక మోపు తెచ్చేది. ఒకామె మా పాలు కేంద్రానికి తీసుకుపోయేది. ఇంకొకామె వచ్చి అవ్వకు జడ వేసి పోయేది. నేను మళ్లీ స్పెషల్ క్లాసుల్లో కూర్చున్నాను.

ఇంత జరుగుతున్నా ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడితే ఒట్టు. పెద్దమ్మ బర్రెతో చెప్పేది. "నీ అవ్వకు చెప్పవే, చెయ్యి ఊకె కదిలియ్యద్దని." అవ్వ నాతో చెప్పేది. "చాయ్ పెట్టిచ్చిన, తాగి పొమ్మనే."

శివరాత్రి వచ్చింది. పెద్దమ్మ ఏటా తప్పకుండా వేములవాడ రాజన్న గుడికి పోతుంది. ఆ యేడు కదల్లేదు. ఆడవాళ్లు అడిగితే చీర కొంగు దులుపుతూ అంది. "రాజన్న పై యేడు గూడ ఆన్నే ఉంటడు. పిల్ల పరీక్షలు ఆగుతయా?"

మంచం మీద అవ్వ తల దించుకుంది. 'పై యేడు' అన్న మాట మళ్లీ మా ఇంట్లో ఆమె నోట వినలేదు.

పరీక్షలకు ముందు రోజు అవ్వ చేతి పట్టీ విప్పారు. "నీ అవ్వ చెయ్యి మంచిగైంది, ఇగ నాతోని పనిలేదు" అని బర్రెకు చెప్పి పెద్దమ్మ ఒంటి మీది చీరతోనే వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున అవ్వే పిండడానికి కూర్చుంది. చేతిలో బలం లేదు. పట్టు జారుతోంది. బర్రెకు విసుగొచ్చి కాళ్లు ఆడిస్తోంది. హుజూరాబాద్‌లోని పరీక్ష సెంటర్‌కు తీసుకెళ్లే ఆటో బయట హారన్ కొడుతోంది. నేను పరీక్ష అట్ట పక్కన పెట్టి బిందె అందుకున్నాను. అవ్వ దాన్ని లాక్కుంది.

"నువ్వు ముట్టకు. బట్టలు ఖరాబైతయ్."

బిందె పట్టుకుని గోడ దగ్గరికి వెళ్లింది. బిందెను గోడ మీద పెట్టింది.

"అక్కా, నాతోని అయితలేదు. జర రావే" అంది.

మాట పూర్తి కాకముందే పెద్దమ్మ తలుపు తీసుకుని వచ్చింది. అప్పటికే ఒంటి మీద ఆ ఉతకని ఆకుపచ్చ చీర చుట్టుకుని ఉంది.

"ఇంత ఆల్సెంగనా పిలిచేది? పొద్దుగాల సంది కట్టుకోని కూసున్న" అంది అవ్వతో. నా వైపు తిరిగి, "నువ్వేం చూస్తున్నవే? ఉరుకు!" అంది.

పాసయ్యాను. నర్సింగ్ చదివాను, ఇప్పుడు కరీంనగర్‌లో ఉద్యోగం చేస్తున్నాను. కానీ పరీక్ష అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఆ పొద్దుటి చప్పుడే గుర్తొస్తుంది. ఆటో వైపు పరుగెత్తుతుంటే వెనక బిందెలో పాలధార, దాన్ని మించి ఇద్దరి గొంతులు. ఏం మాట్లాడుకుంటున్నారా అని ఒక్క క్షణం ఆగి విన్నాను. మెంతికూర గురించి కొట్లాడుకుంటున్నారు.