జేబుల్లో రాళ్లేరే ఆమె

ఆ కబురు నాకు మొదట తెచ్చింది, కన్నడ సీమ అంచునున్న మా ఊళ్లో సత్యనారాయణపేటకు పొద్దున్నే వచ్చే పూలామె. మూర మల్లెలు తెంచి నా చేతిలో పెట్టబోయి ఆగింది. బుట్ట మీద కప్పిన తడిగుడ్డ అంచు పైకెత్తి చూపించింది. తెల్లగుడ్డ లేత నీలంగా మారిపోయి ఉంది.

"నీలిమందు గాదమ్మా. మా కాలనీ బోరు నీళ్లే ఇట్లొస్తాండాయి. ఈ నీళ్లు చల్లిన పూలు దేవునికి పెట్టొచ్చునో లేదో నువ్వే చెప్పు" అంది.

ఆ పూట తులసిదళంతోనే పూజ సరిపెట్టుకున్నాను. దండం పెట్టుకుంటూ ఉంటే ఒకటే తోచింది. ఈ ప్రశ్న నేను అడగాల్సింది స్వామిని కాదు, మా పిల్లలను.

మా పిల్లలంటే నా కడుపున పుట్టినవాళ్లు కాదు. బ్రూస్‌పేటలో బట్టల కొట్టు మీది గదిలో ఆడవాళ్ల సంఘమొకటి చిన్న రేడియో నడుపుతోంది. చుట్టుపక్కల ఊళ్లదాకా వినపడుతుంది. అక్కడ శనివారాలు కాలేజీ పిల్లలకు వార్త తవ్వి తీయడం, దాన్ని మైకు ముందు చెప్పడం నేర్పుతాను. నేను బడి ముఖం చూసినదాన్ని కాదు. మా నాన్నే ఇంట్లో పక్కన కూర్చోబెట్టుకుని చదువు చెప్పారు. వార్తలు వస్తుంటే మధ్యలో రేడియో కట్టేసి, ఇది చూసినవాళ్లు చెప్పారా, విన్నవాళ్లు చెప్పారా అని అడిగేవారు. నా దగ్గరున్న విద్యంతా ఆ ప్రశ్నే. అది ఇచ్చినందుకు ఆయనకు, ఇంకొకరికి పంచే చోటు చూపినందుకు దేవుడికి రోజూ మొక్కుకుంటాను.

నేను చెప్పగానే పిల్లలు పూలామె కాలనీ మురుగుకాలువ వెంట పైకి నడిచారు. అది జీన్స్ ప్యాంట్లు ఉతికే ఒక షెడ్డు గోడ దగ్గరికి తీసుకెళ్లింది. గోడ కిందనుంచి నీలం నీళ్లు కాలువలోకి దూకే చప్పుడు ఫోనులో పట్టుకొచ్చి, వార్త దొరికిపోయిందని సంబరపడ్డారు. చప్పుడొక్కటే చాలదన్నాను. లోపల ఏం జరుగుతోందో కళ్లతో చూసినవాళ్లు చెప్పాలి. కాలనీలో చాలామంది అక్కడ పనిచేసేవాళ్లే. అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పరు.

క్లాసయ్యాక ఆ కాలనీ అమ్మాయే ఒకతె నా వెంట మెట్లు దిగుతూ మెల్లగా చెప్పింది. వాళ్లమ్మ ఆ షెడ్డులోనే చేస్తోంది. రంగు వెలిసినట్టు కనపడటానికి ప్యాంట్లను రాళ్లతో కలిపి ఉతుకుతారు. ఆ తర్వాత జేబుల్లో ఇరుక్కున్న రాళ్లు ఏరడం ఆమె పని. మురికినీటిని శుభ్రం చేసే మోటారు ఉందట గానీ, తనిఖీకి ఎవరైనా వస్తే తప్ప అది తిరగదట. ఈ మాట ఆమె చెప్పిందని తెలిస్తే పని పోతుంది. ఇల్లు గడిచేదీ, ఈ అమ్మాయి చదివేదీ ఆ పని మీదే.

అందుకని ఒక ఉపాయం చేశాం. ఆ తల్లి చెప్పింది రాసుకుని, సాగుకాలువ కింద క్యాంపు అని పిలిచే వలస రైతుల ఊరి నుంచి వచ్చే ఇంకో అమ్మాయితో చదివించాం. వాళ్ల తాతలు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ వరి పండించుకున్నవాళ్లు. మంచి గొంతు. ప్రసారానికి ముందు, చెప్పినవాళ్లకు ఒకసారి వినిపించడం మా పద్ధతి. ఆ తల్లి వచ్చి విని, పకపకా నవ్వింది.

"యారమ్మా ఈ పాప? మాటమాటకీ అండీ అంటాది. నేను పుట్టినకాడ్నుంచి ఎవుర్నీ అండీ అన్లేదు. మా వీధోళ్లు ఇంటే నాటకమనుకుంటారు."

చదివిన అమ్మాయి కూడా నవ్వాపుకోలేకపోయింది. నవ్వయ్యాక ఆ తల్లి తన చేతులు చూసుకుంది. గోళ్ల మొదళ్లలో నీలం దిగిపోయి ఉంది.

"నేనే చెప్తా" అంది.

కూతురు ఆమె చెయ్యి పట్టుకుంది. "వద్దు మా. నీ గొంతు అందరికీ తెలుసు. పని తీసేస్తారు."

"తీసేస్తే తీసేయనీలే. నీకు రోజూ అన్నం వండి పెడతాండేది ఆ బోరు నీళ్లతోనే గదే."

నేను వెంటనే ఒప్పుకోలేదు. ఆవేశంలో ఇచ్చిన మాట తీసుకోకూడదు. నిద్రపోయి లేచాక కూడా అదే అంటే అప్పుడు చూద్దామన్నాను. మర్నాడు ఆమె తలస్నానం చేసి, కుంకుమ పెట్టుకుని, గుడికి వచ్చినట్టు వచ్చింది. తన పని గురించి, తిరగని మోటారు గురించి పక్కింటామెతో మాట్లాడినట్టే మైకు ముందు మాట్లాడింది. పేరు మాత్రం చెప్పొద్దంది. గొంతు మార్చొద్దంది.

యజమాని జవాబు కూడా తేవాలి కదా. కూతురు తానే పోతానంది. నీ ఇంటి సంగతి నువ్వే విచారించకూడదని ఆపి, క్యాంపు అమ్మాయిని పంపాను. ఆయన మొదట కన్నడంలో కసురుకున్నాడట. ఆమె కదలకపోయేసరికి కుర్చీ వేయించి, మోటారు చెడిపోయిందని, బాగు చేయిస్తున్నామని చెప్పాడట. అందులో ఒక్క ముక్క కూడా కత్తిరించకుండా వేద్దామని పిల్లలే అన్నారు, నేను నోరు తెరవకముందే. ఆ క్షణాన నా మనసు నిండిపోయింది. మా నాన్న వినుంటే ఆ రోజు రేడియో కట్టేసేవారు కాదు.

ప్రసారమైన మర్నాడు పూలామె వస్తూనే, వాళ్ల వీధంతా తలుపులు తీసిపెట్టుకుని విన్నారని చెప్పింది. అప్పటిదాకా మాకేం తెలీదన్న ఆడవాళ్లు కొందరు తామూ చూశామంటూ మా గదికి వచ్చారు. కొన్నాళ్లకు మోటారు తిరగడం మొదలైంది. కాలువలో నీలం పలచబడింది. బోరు తేటపడటానికి ఇంకా టైం పడుతుందట. అందాకా కాలనీకి ట్యాంకరు వస్తోంది.

ఆ తల్లిని మాత్రం ప్రసారమైన మర్నాడే షెడ్డు గేటు దగ్గర ఆపేశారు. ఇప్పుడామె పొద్దున్నే మోక అనే పల్లెకు పోయే బస్సెక్కి పొలం పనులకు పోతోంది. కూతురు చదువు ఆగలేదు, దేవుడి దయ. మొన్న ఆ తల్లే బస్టాండులో కనపడి, నేనేదో అనబోతుంటే రెండు చేతులూ నా ముందు చాపింది.

"చూడమ్మా, తెల్లగైనాయి" అంది.

కాలేజీలో పిల్లలకు శాలువాలు కప్పి, ఒక్కొక్కరి పేరూ పిలిచారు. చప్పట్లు కొట్టి కొట్టి నా అరచేతులు మండాయి. ఆమె పేరు ఆ సభలో ఎవరూ చదవలేదు. ఆమె వద్దన్నది కాబట్టి ఇక్కడ నేనూ రాయను. మీరు మాత్రం, కొత్త జీన్స్ ప్యాంటు జేబులో చెయ్యి పెట్టినప్పుడు అడుగున గరుకుగా రాతిపొడి తగిలితే, ఆమెను ఒక్కసారి తలుచుకోండి.