తిప్పతీగ కషాయం

గల్ఫ్‌లో మేముండే డేరా పేటలో, మా ఎదురు ఫ్లాట్ పద్మక్క తన కిడ్నీ ఇచ్చి భర్తను బతికించుకుంది. ఈమధ్య ఆయనకు జలుబు చేస్తే, పెద్ద తెలిసినదానిలా, ఇమ్యూనిటీ పెరుగుతుందని రోజూ తిప్పతీగ కషాయం కాచి పంపాను. ఈ రోజు ఆయన్ని ఆసుపత్రిలో చేర్చారు.

సాయంత్రం అక్క నా గిన్నె తిరిగివ్వడానికి వచ్చింది.

"రిజెక్షన్ మొదలైందంట. నా కిడ్నీని ఆయన ఒళ్లు పరాయిదనుకుని తోసేయకుండా, ఇన్నాళ్లూ ఇమ్యూనిటీ తగ్గించే మందులే వాడాం. కషాయం వల్ల అయ్యుండొచ్చంటున్నారు."

"నాకు తెలీదక్కా."

"నాకూ తట్టలేదమ్మా. నువ్వు ప్రేమగా పంపావు, నేను తాగించాను."

ఆమె వెళ్లాక మూత తీశాను. ఖాళీ గిన్నె ఇవ్వకూడదని అడుగున కాస్త పంచదార పోసి తెచ్చింది. ఆ పంచదారతో నేను టీ ఎలా పెట్టుకోవాలో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.