దర్జీ పూర్తి చేసిన పడవ

ఆమె దర్జీ. ఆయన తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగి. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఇద్దరూ తగువు పడ్డది ఒక్క పడవ గురించే.

ఆయన చెల్లెలికి చిన్నప్పుడే జ్వరం వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. ఆ ఇంట్లోనే ఉంటూ, చక్రాల కుర్చీలో కూర్చుని, అచ్చుకు వెళ్లే పుస్తకాల్లో తప్పులు దిద్దేది. ఊరి పక్క సరస్సులో ఒక్కసారైనా తిరగాలని ఆమె కోరిక. పడవవాళ్లు కుర్చీ ఎక్కించడం కుదరదన్నారు. "ఒకళ్లని బతిమాలేదేమిటే, నేనే చేస్తా" అన్నాడు అన్న. అన్నదే తడవు, ముందు గది ఖాళీ అయింది. భార్య కుట్టుమిషను వంటింట్లో పొయ్యి పక్కకు చేరింది.

వెడల్పాటి పలకలతో చేసే పడవ కాదది. బొటనవేలంత వెడల్పున్న చెక్క పట్టీలను బోర్లించిన అచ్చు మీద వంచుతూ, ఒకదాని అంచుకు ఒకటి జిగురుతో అంటించుకుంటూ పోవాలి. ఒక్కో పట్టీ పదహారు అడుగులు. ఒక చివర ఆయన వంచుతుంటే, రెండో చివర ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఆ ఎవరో ఒకరు ఎక్కువగా ఆమే. రంపపు పొట్టు అన్నంలో, పక్కబట్టల్లో, కుట్టడానికొచ్చిన కొత్త గుడ్డల్లో.

"ఈ పడవ నీళ్లలో పడేలోపు నేనే పడతా" అనేది.

"పడు. పైకి లాగడానికి పడవుంటుందిగా" అనేవాడు.

రెండేళ్లు గడిచాయి. అడుగున అరచేతి వెడల్పున సందు మిగిలింది. ఆ పొద్దున ఆయన ముందు గదిలోంచి కేకేశాడు. "ఒక్క నిమిషం ఈ చివర పట్టుకుంటావా?"

"పదింటికి యూనిఫారాలు ఇవ్వాలి. మీ పడవ మీరే కట్టుకోండి."

కాసేపటికి ధబ్బుమని చప్పుడైంది. పట్టీ ఏదో కిందపడిందనుకుని ఆమె మిషను ఆపలేదు. చేతిలో ఉన్న కాలరు పూర్తిచేసి వెళ్లేసరికి ఆయన నేలమీద ఉన్నాడు. వేళ్లకు జిగురు ఇంకా తడిగానే ఉంది. గుండె ఆగిందనీ, వెంటనే చూసినా లాభం ఉండేది కాదనీ డాక్టరు చెప్పాడు. ఆ మాట ఆమె చెవికెక్కలేదు. పడవ మీద దుప్పటి కప్పి, ఆ గది తలుపు వేసేసింది.

ఎనిమిది నెలలకు ఒక హోటలాయన వచ్చాడు. పడవను నిలబెట్టి అరలు కొట్టిస్తే గాజు సామాను పెట్టుకోవడానికి బాగుంటుందన్నాడు. "పట్టుకుపోండి. దాని మొహం చూడలేకపోతున్నా" అందామె. బండి తీసుకొస్తానని హోటలాయన వెళ్లగానే ఆడపడుచు కుర్చీ దొర్లించుకుంటూ వంటింట్లోకి వచ్చింది.

"వదినా, ఆ రోజు నువ్వు రానన్నాక అన్నయ్య నన్నూ పిలిచాడు. పేజీ అయిపోనీ, వస్తానన్నా. ఇన్నాళ్లూ నీతో చెప్పలేకపోయా."

ఒకే ఇంట్లో, ఒకే కంచం ముందు కూర్చుని, ఇద్దరూ ఒకే నిప్పును ఎవరి కొంగులో వాళ్లు దాచుకుని తిరిగారన్నమాట. ఆమె ఆడపడుచు తల పొట్టకు అదుముకుని, "బండి వద్దని చెప్పేద్దాం" అంది.

చివరి పట్టీలు ఆమె కొలతకు లొంగలేదు. రెండు కొసలా సన్నబడే ఆ సందులో పట్టాలంటే సూదిమొనలా చెక్కాలి. మూడు విరిచింది. నాలుగోసారి, జుబ్బా చంకకు కత్తిరించినట్టు, సందు మీద కాగితం పరిచి అచ్చు తీసుకుంది. ఆడపడుచు ఒక చివర పట్టుకుంది. పట్టీ గుడ్డ అతికినట్టు అతికింది. దాని పక్క పట్టీ మాత్రం వంకర. ఆ పొద్దున ఆయన ఒంటరిగా అంటించింది అదే. ఊడగొడదామని ఉలి అందుకుంది గానీ, ఎండిన జిగురులో ఆయన వేలిముద్రలు చేతికి తగిలాయి. ఉలి పక్కన పెట్టేసింది.

వీధివాళ్లు ఆరుగురు మోసి నీళ్లలో దింపారు. వంకర పట్టీ వల్ల పడవ ఎడమవైపు లాగుతోంది. ఆడపడుచును ఎదురుగా కూర్చోబెట్టి ఆమే తెడ్లు వేసింది. నడి సరస్సులో తెడ్లు వదిలేసి, తన ఒళ్లోనే తల పెట్టుకుని, కర్మ రోజున కూడా రాని ఏడుపు ఏడ్చింది. "కాలరు కుడుతున్నానే... చప్పుడు వినపడుతున్నా కాలరు కుడుతున్నానే..."

ఆడపడుచు లేచి రాలేదు కదా. చెయ్యి చాపితే మోకాలి దాకానే అందింది. అక్కడే కాసేపు నిమిరింది. పడవ గుండ్రంగా తిరుగుతోంది. ఏడుపు ఆగేలా లేదని తెడ్లు తన వైపుకు లాక్కుంది. తెడ్డు పట్టడం ఆమెకదే మొదలు. అయినా ఏళ్ల తరబడి కుర్చీ చక్రాలు తిప్పిన చేతులవి. ఎడమ తెడ్డు గట్టిగా, కుడిది మెల్లగా వేసుకుంటూ, వదినను ఒడ్డుకు చేర్చింది.